షాద్‌నగర్ వైపు ఇల్లు కొంటున్నారా? గజం రేటు కంటే ముందు ఊరు చూడండి

శంషాబాద్ దాటి బెంగళూరు హైవే మీద పోతుంటే కొత్తూరు, నందిగామ, షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల దాకా రోడ్డుకు రెండు పక్కలా వెంచర్ల ఆర్చీలు కనిపిస్తూనే ఉంటాయి. ఒకప్పుడు జొన్న, కంది, పత్తి పండిన చెలకలు ఇవి. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మొదలైంది. ఆ తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. దాంతో ఈ దారి రూపమే మారిపోయింది. గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ కాస్త వాకిలీ, నాలుగు చెట్లూ ఉన్న ఇంట్లో ఉందామనుకునే కుటుంబాలు ఇప్పుడు ఇటు చూస్తున్నాయి. రిటైరయ్యాక పాలమూరు మట్టికి దగ్గరగా ఉండాలనుకునేవాళ్లు, విదేశాల నుంచి డబ్బు పంపి ఇక్కడో విల్లా కొనిపెట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు.

మీరూ ఆ ఆలోచనలో ఉంటే ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ దారిలో ప్లాటు అమ్ముడుపోవడం వేరు, ఆ ప్లాటులో మనిషి కాపురం ఉండటం వేరు. మనుషులున్న చోటికి నీళ్లు, బస్సు, బడి, కిరాణా కొట్టు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మనుషులు లేని చోట ఎంత పెద్ద ఆర్చీ కట్టినా అవి రావు. అందుకే గజం రేటు అడిగే ముందు అక్కడ ఎవరుంటున్నారో తెలుసుకోండి. ఎలా తెలుసుకోవాలో ఒక్కొక్కటిగా చెప్తాను.

ఎందుకు కొంటున్నారో ఇంట్లో తేల్చుకోండి

ఇప్పుడే వచ్చి ఉంటారా, పదేళ్ల తర్వాత వస్తారా, అసలు రాకుండా రేటు పెరిగాక అమ్ముకుంటారా? ఈ మూడింటికీ మూడు రకాల చోట్లు కావాలి. ఇప్పుడే ఉండాలంటే కట్టిన ఇల్లు, నలుగురున్న వీధి కావాలి. పదేళ్ల తర్వాతైతే కాగితాలు శుభ్రంగా ఉన్న ప్లాటు చాలు. అమ్ముకోవడానికే అయితే ఎంతకు కొంటారన్నదానికన్నా ఎంత తొందరగా అమ్ముడుపోతుందన్నదే ముఖ్యం. ఇంట్లో ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను అడగకుండా ఈ నిర్ణయం తీసుకోవద్దు. రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లు పొద్దున పోయి రాత్రికి వస్తారు. పగలంతా అక్కడ గడపాల్సింది వీళ్లే.

దారిని ఆఫీసు టైములో చూడండి

వెంచర్ వాళ్లు మిమ్మల్ని ఆదివారం పొద్దున కారులో తీసుకెళ్తారు. ఆ రోజు రోడ్డు ఖాళీగా ఉంటుంది. మీరు మాత్రం సోమవారం వెళ్లండి. షాద్‌నగర్‌లో మీరు చూసిన ఇంటి గేటు దగ్గర నుంచి, మీరు నిజంగా బయల్దేరే టైముకే, ఆఫీసు లిఫ్టు దాకా వెళ్లి చూసుకోండి. సాయంత్రం తిరుగు ప్రయాణం కూడా చేయండి. హైవే మీద సమయం సులువుగానే అంచనా వేయొచ్చు. శంషాబాద్ ఊళ్లోనూ, ఔటర్ దిగిన తర్వాత గచ్చిబౌలి వైపునా ఎంత సేపు పడుతుందన్నదే అసలు లెక్క.

ఖర్చు కూడా చూసుకోండి. షాద్‌నగర్ నుంచి గచ్చిబౌలికి యాభై కిలోమీటర్లకు పైనే. రానూ పోనూ 110 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు అనుకుంటే 2,420 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు నెలకు 160 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు 107 రూపాయలనుకున్నా 17 వేలు దాటుతుంది. దీనికి ఔటర్ టోల్ అదనం. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ జాతీయ రహదారుల టోల్ ప్లాజాలకే పనికొస్తుంది, ఔటర్ మీద చెల్లదు. రాయికల్ టోల్ ప్లాజా షాద్‌నగర్ దాటాక వస్తుంది. అంటే జడ్చర్ల, బాలానగర్ నుంచి రోజూ వచ్చేవాళ్లకు అది తగులుతుంది, షాద్‌నగర్ వాళ్లకు తగలదు. నల్లగొండ వైపు విజయవాడ హైవే మీద చూస్తే పంతంగి టోల్ కూడా అంతే. చౌటుప్పల్‌లో ఉంటే దాని ఇవతలే ఆగిపోతారు, చిట్యాలలో ఉంటే రోజూ దాటాలి. సంక్రాంతికి పంతంగి దగ్గర బండ్లు ఎంత దూరం బారులు తీరుతాయో టీవీలో చూసే ఉంటారు.

రైలును చాలామంది లెక్కలోకే తీసుకోరు. 85 కిలోమీటర్ల సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ లైను డబుల్ అయింది, కరెంటు లైను కూడా వేశారు. 2023 ఏప్రిల్ 8న దాన్ని జాతికి అంకితం చేశారు. తిమ్మాపూర్, షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల స్టేషన్లు ఈ లైను మీదే ఉన్నాయి. నగరంలో తిరిగే లోకల్ రైలు ఎంఎంటీఎస్ మాత్రం ఉందానగర్ దాకానే. కాచిగూడ, సికింద్రాబాద్ వైపు పని ఉన్నవాళ్లకు రైలు బాగా కలిసొస్తుంది. గచ్చిబౌలి వాళ్లకు అంతగా ఉపయోగం లేదు. టైములు మీ డ్యూటీకి కుదురుతాయా లేదా అన్నది ఏజెంటును అడగొద్దు, స్టేషన్‌లో రోజూ ఎక్కేవాళ్లను అడగండి.

ఆర్టీసీ బస్సు ఎంత దూరంలో ఆగుతుందో నడిచి చూడండి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. మీ ఇంట్లో కాలేజీకి పోయే అమ్మాయికీ, మీ ఇంటికి పనికి వచ్చే ఆమెకూ బస్టాప్ దగ్గరలో ఉండటం చాలా పెద్ద విషయం. హైవే నుంచి మూడు కిలోమీటర్లు లోపలున్న గేటెడ్ కమ్యూనిటీల్లో పనిమనిషి దొరక్క ఇబ్బంది పడేది ఇందుకే.

అక్కడ ఎవరుంటున్నారు?

ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి.

ముందు జనాభా లెక్కల సంగతి. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కాబట్టి ఊరివారీ లెక్కలు ఏవి చూసినా 2011వే దొరుకుతాయి. అప్పటికి కొత్తూరు, షాద్‌నగర్ మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్నాయి. ఆ జిల్లా అక్షరాస్యత 55 శాతం, పక్కనున్న రంగారెడ్డిది 76 శాతం దగ్గర. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విభజించినప్పుడు ఈ ప్రాంతం రంగారెడ్డిలోకి వచ్చింది. కాబట్టి పాత లెక్కలు చూసి వెనకబడిన చోటనుకున్నా తప్పే, కొత్త జిల్లా పేరు చూసి నగరమే అనుకున్నా తప్పే. ఆ లెక్కల్లో కనపడని మార్పు ఈ మధ్య కాలంలో జరిగింది. దాన్ని మీ కళ్లతోనే చూడాలి.

ఈ దారిలో ఉంటున్న జనం నాలుగు తీర్లుగా ఉంటారు. మొదట ఊరివాళ్లు. భూమి అమ్ముకున్నవాళ్లూ, ఇంకా సాగు చేస్తున్నవాళ్లూ వీళ్లలో ఉన్నారు. తర్వాత కొత్తూరు, నందిగామ, పెంజర్ల వైపు ఫ్యాక్టరీల్లో పనికి ఒడిశా, బిహార్ లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లు. రేకుల గదులు వరుసగా కట్టి వీళ్లకు అద్దెకిస్తారు. మూడో తీరు నగరంలో ఉద్యోగం చేస్తూ, లేదా ఇక్కడి కంపెనీల్లో ఆఫీసర్లుగా ఉంటూ విల్లాల్లో, ఇండిపెండెంట్ ఇళ్లలో ఉండే కుటుంబాలు. షాద్‌నగర్ దగ్గర ఇస్రోకు చెందిన రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) ఉంది. నందిగామ మండలంలో ఒక ప్రైవేట్ యూనివర్సిటీ క్యాంపస్, కన్హా శాంతివనం అనే ధ్యాన కేంద్రం ఉన్నాయి. వీటివల్ల చదువుకున్న ఉద్యోగులు, ధ్యానం కోసం వచ్చి స్థిరపడిన పెద్దవయసు వాళ్లు కూడా ఇక్కడ కనిపిస్తారు. ఇక నాలుగో తీరు అక్కడ లేనివాళ్లు. అంటే కొని తాళం వేసినవాళ్లు, నెలకోసారి ఫామ్‌హౌస్‌కు వచ్చి పోయేవాళ్లు. రేట్లను ఎక్కువగా పెంచేది ఈ చివరివాళ్లే, కానీ వీధికి వాళ్ల వల్ల వచ్చే ప్రాణం తక్కువ.

ఏ వెంచర్‌లో ఏ తీరు జనం ఎక్కువో తెలుసుకోవాలంటే రాత్రి ఏడున్నర, ఎనిమిదింటికి వెళ్లండి. వీధిలైట్లు లెక్కలోకి తీసుకోవద్దు, కిటికీల్లో వెలుగు చూడండి. బయట ఆరేసిన బట్టలు, గేటు ముందు ముగ్గు, పిల్లల సైకిలు, తులసి కోటకు నీళ్లు పోసిన తడి, ఇవి ఉన్న ఇల్లు కాపురం ఉన్న ఇల్లు. మీటర్ బాక్స్‌కు సాలెగూడు పట్టి, గేటు గొళ్లానికి తుప్పు వచ్చి, లోపల గడ్డి మోకాలెత్తు పెరిగితే అది మీకు పొరుగు కాదు. ప్లాట్లున్న చోట హద్దురాళ్లు చూడండి. రాయి మీద నంబర్ వెలిసిపోయి, పార్కని చూపించిన జాగాలో సర్కారు తుమ్మ మొలిచి ఉంటే అక్కడికి ఎవరూ రావడం లేదనే అర్థం.

తర్వాత పాల ప్యాకెట్లు వేసే అబ్బాయిని పట్టుకోండి. “తమ్మీ, ఈ లోపల ఎన్ని ఇండ్లకు పాలేస్తవ్?” అని అడగండి. వెంచర్ మేనేజర్ చెప్పే లెక్క కంటే అతను చెప్పే లెక్క నమ్మొచ్చు. గ్యాస్ సిలిండర్లు వేసే అతన్నీ, కరెంటు లైన్‌మన్‌నీ అడగండి. రీడింగ్ అసలు కదలని మీటర్లు ఎన్నో లైన్‌మన్‌కు తెలుసు. కిరాణా కొట్టులో ఏమేం సరుకులు పెట్టారో చూడండి. చిన్నపిల్లల డైపర్లు, స్కూలు నోట్‌బుక్కులు ఉంటే పడుచు కుటుంబాలు ఉన్నట్టు. మెడికల్ షాపులో బీపీ, షుగర్ మందులే ఎక్కువ పోతుంటే పెద్దవాళ్లు ఎక్కువ. పొద్దున ఏడింటికి గేటు దగ్గర నిలబడి ఎన్ని స్కూలు బస్సులు ఆగుతాయో చూస్తే మీ పిల్లలకు తోడు దొరుకుతుందా లేదా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

పోలింగ్ కేంద్రం వారీగా ఓటర్ల జాబితా రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైట్‌లో అందరూ చూసుకోవచ్చు. అందులో ఇంటి నంబర్ వారీగా పేర్లు, వయసులు ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లందరూ ఓటు మార్చుకోరు కాబట్టి దాన్నే పట్టుకుని కూర్చోవద్దు. అయినా ఊళ్లో పడుచువాళ్లు ఉన్నారా, అందరూ హైదరాబాద్‌కు వెళ్లిపోయారా అన్న అంచనా వస్తుంది.

ఊరివాళ్లతో మాట్లాడకుండా కొనొద్దు. రచ్చబండ దగ్గరో, హోటల్ దగ్గరో చాయ్ తాగుతూ “పెద్దయ్యా, ఈ జాగ ఇంతకుముందు ఎవరిది?” అని అడిగితే మీకు వందేళ్ల చరిత్ర చెప్తారు. ఎవరి పొలం, ఎంతకు అమ్మారు, అన్నదమ్ముల మధ్య పంపకాల గొడవ ఉందా, బాటకు తగాదా ఉందా, వానలకు ఏ వైపు నీళ్లు నిలుస్తాయి, ఇవన్నీ కాగితాల్లో ఉండవు. ఎకరాల లెక్కన తక్కువ ధరకు భూమి ఇచ్చేసి, ఇప్పుడు అదే భూమి మీద కట్టిన గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చున్న మనిషి మీకు ఎదురుపడొచ్చు. ఆయనతో మర్యాదగా మాట్లాడండి. రేపు మీ ఇంటికి ఆపదొస్తే మొదట పరుగెత్తుకొచ్చేది ఆయనే.

కంపెనీల పేరు చెప్పి గిరాకీ పెరుగుతుందని నమ్మించేవాళ్లు చాలామంది ఉంటారు. చందనవెల్లి, ఎల్లికట్ట, మేకగూడ వైపు పెద్ద కంపెనీలు డేటా సెంటర్ల కోసం భూములు తీసుకున్న మాట నిజం. కానీ డేటా సెంటర్‌లో మెషీన్లు ఎక్కువ, మనుషులు తక్కువ. అంత పెద్ద కాంపౌండ్ లోపల పనిచేసేవాళ్లు చాలా కొద్దిమందే. దానివల్ల ఇళ్లకు అద్దెలు పెరుగుతాయని లెక్క వేసుకోవద్దు. మందుల ఫ్యాక్టరీ, ప్యాకింగ్ యూనిట్, గోడౌన్ వస్తే మనుషులు వస్తారు. వాళ్లకు కావాల్సింది చిన్న గదులు, విల్లాలు కావు. అద్దె కోసమే డబ్బు పెట్టేవాళ్లు ఈ తేడా బాగా ఆలోచించుకోవాలి.

నీళ్లు, గాలి

కుళాయి తిప్పి చూడటం కాదు, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అడగండి. మిషన్ భగీరథ లైను వెంచర్ గేటు దాకా వచ్చిందా, లోపలికి వచ్చిందా? బోరే ఆధారమైతే ఎన్ని అడుగుల్లో పడింది, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు తెప్పిస్తారా? వీలైతే ఎండాకాలంలోనే చూడండి. వానాకాలంలో ప్రతి బోరూ పోస్తుంది.

నల్లగొండ జిల్లా వైపు చూసేవాళ్లు, ముఖ్యంగా మర్రిగూడ, మునుగోడు, చండూరు చుట్టుపక్కల, ఫ్లోరైడ్ పరీక్ష తప్పకుండా చేయించాలి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అక్కడ తరాల తరబడి ఎముకలు వంగిపోయిన మనుషులు ఉన్నారు. కృష్ణా నీళ్లు వచ్చాక తాగునీటి బాధ తగ్గింది కానీ బోరు నీళ్లు మారలేదు. నీళ్ల శాంపిల్‌ను గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో ఇవ్వొచ్చు.

గాలి సంగతి రాత్రి పూటే తెలుస్తుంది. చౌటుప్పల్ చుట్టుపక్కల, జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ పక్కన మందుల కంపెనీల వ్యర్థాల మీద ఊరివాళ్లు ఏళ్లుగా ఫిర్యాదులు చేస్తున్నారు. వెంచర్ చుట్టూ రెండు మూడు కిలోమీటర్లలో ఏ ఫ్యాక్టరీ ఉందో మ్యాప్‌లో చూసి, రాత్రి పది దాటాక ఒకసారి వెళ్లి పది నిమిషాలు కారు దిగి నిలబడండి. ముక్కు ఘాటెక్కితే ఆ రేటు ఎంత తక్కువైనా మీకొద్దు.

అసలు రేటు ఎంత?

ఏజెంటు చెప్పే రేటు అమ్మేవాళ్ల కోరిక. మీకు తెలియాల్సింది కొన్నవాళ్లు నిజంగా ఇచ్చిన రేటు. దానికి మూడు దారులున్నాయి.

ఒకటి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ ఊరి మార్కెట్ విలువ చూడండి. అది ప్రభుత్వం పెట్టిన కనీస లెక్క, అసలు ధర అంతకంటే పైన ఉంటుంది. కానీ రెండింటికీ మధ్య దూరం ఎంతుందో తెలిస్తే నగదు ఎంత అడగబోతున్నారో ముందే అర్థమవుతుంది.

రెండు, అదే సర్వే నంబర్‌లో ఈ మధ్య జరిగిన అమ్మకాలు ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే పత్రంలో, కనిపిస్తాయి. వాటిలో ధరలు తక్కువే రాసి ఉన్నా, ఎన్ని ప్లాట్లు చేతులు మారాయో తెలుస్తుంది. కంపెనీ నుంచి మొదటిసారి కొన్నవే ఉండి, కొన్నవాళ్లు తిరిగి అమ్మినవి ఒక్కటీ లేకపోతే జాగ్రత్త. ఆ వెంచర్‌లో అమ్ముదామంటే కొనేవాళ్లు లేరన్నమాట.

మూడోది నాకు అన్నింటికన్నా బాగా పనికొచ్చేదనిపిస్తుంది. కొనేవాళ్లుగా ఒక ఏజెంటును రేటు అడగండి. కొన్ని రోజులాగి, అదే వెంచర్‌లో ప్లాటున్న బంధువుల చేత అమ్ముతామని ఇంకో ఏజెంటును అడిగించండి. కొనడానికి 15,000 అన్న చోట అమ్మడానికి 10,000 అని, “కొనేటోళ్లు దొరకాలె అన్నా, టైం పడ్తది” అని చెప్తే మీకు అసలు రేటు దొరికినట్టే.

అద్దెతో కూడా సరిచూసుకోండి. 50 లక్షల హోమ్ లోన్‌కు 8.5 శాతం వడ్డీ మీద 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 43,000 వస్తుంది. అదే ఇంటికి అద్దె 12,000 పలుకుతుంటే ఒక ఏడాది అక్కడ అద్దెకు ఉండి చూడటమే మంచిది. ఎండాకాలం, వానాకాలం, దసరా, సంక్రాంతి అన్నీ ఆ ఊళ్లో గడుస్తాయి. ఆ తర్వాత అదే వీధిలో కొన్నా రేటు చేయిదాటిపోదు. “ఈ నెలాఖరుకు పెరుగుతుంది” అనే మాటకు టెన్షన్ పడొద్దు.

ప్రభుత్వం కడతామంటున్న ఫ్యూచర్ సిటీ, ఔటర్ అవతల వేయబోయే రీజినల్ రింగ్ రోడ్డు పేర్లు ఇప్పుడు ప్రతి బ్రోచర్‌లోనూ ఉంటున్నాయి. 2025 మార్చిలో ఏర్పాటైన ఫ్యూచర్ సిటీ అథారిటీ కిందికి రంగారెడ్డి జిల్లాలో 7 మండలాల్లోని 56 ఊళ్లే వస్తాయి. అవి శ్రీశైలం, నాగార్జునసాగర్ రోడ్ల వైపు ఉన్నాయి. షాద్‌నగర్ వెంచర్‌కు ఆ పేరు తగిలిస్తే మీ ఊరు ఆ జాబితాలో ఉందా అని అడగండి. రీజినల్ రింగ్ రోడ్డు దగ్గరగా పోతే లాభమే, మీ సర్వే నంబర్ మీద నుంచే పోతే భూసేకరణే. ఆ గీత ఎక్కడుందో తెలుసుకోకుండా ఆ ఊళ్లలో అడ్వాన్స్ ఇవ్వొద్దు.

కాగితాలు

ఓపిక పట్టి చదవండి. లాయర్‌కు ఇచ్చే ముందు మీరే కొన్ని చూసుకోగలరు.

లింకు డాక్యుమెంట్లలో (ఇంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజుల్లో) మహబూబ్‌నగర్ జిల్లా అనీ, కొత్త పత్రాల్లో రంగారెడ్డి జిల్లా అనీ ఉంటే కంగారు పడక్కర్లేదు. నందిగామ లాంటి మండలాలు కూడా 2016లో కొత్తగా వచ్చినవే. ఊరు, సర్వే నంబర్, విస్తీర్ణం, నాలుగు హద్దులు మాత్రం అన్నింటిలో ఒకేలా కలవాలి. ఈసీ 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అంతకుముందువి, పాత పహాణీలు (భూమి ఎవరిది, ఎవరి సాగులో ఉందో రాసే రెవెన్యూ రికార్డులు), విడిగా తీయించాలి. పహాణీల్లో అనుభవదారు పేరు ఎక్కడ మారిందో అక్కడ ఆగి కారణం అడగండి. సాదా బైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకుని, చేతులు మారిన భూమైతే ఇంకా లోతుగా చూడాలి.

అసైన్డ్, ఇనాం, వక్ఫ్, దేవాదాయ, భూదాన్ భూములు ఈ జిల్లాల్లో చాలా ఉన్నాయి. 1951లో భూదానోద్యమం మొదలైందే నల్లగొండ జిల్లా పోచంపల్లిలో. ఇలాంటివి రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. మీ సర్వే నంబర్ అందులో ఉందేమో చూడండి. చెరువు శిఖం (చెరువు లోపలి భూమి), ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) సంగతి కూడా చూడాలి. 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు ఏమీ కట్టకుండా ఖాళీగా (బఫర్) వదలాలి. ఎండాకాలంలో ఎండిపోయి మైదానంలా కనిపించే కుంటలు ఈ దారిలో చాలా ఉన్నాయి. రచ్చబండ దగ్గర పెద్దయ్యను నీళ్ల గురించి అడగమన్నది ఇందుకే.

పట్టా భూమి ఇళ్ల స్థలం కావాలంటే నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పు) కావాలి, లేఔట్‌కు హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ లేదా పట్టణ ప్రణాళిక శాఖ డీటీసీపీ అనుమతి కావాలి. 2025లో హెచ్‌ఎండీఏ పరిధిని రీజినల్ రింగ్ రోడ్డు దాకా పెంచారు కాబట్టి మీ ఊరు ఎవరి కిందికి వస్తుందో ముందు తెలుసుకోండి. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ భూభారతి పోర్టల్‌లో ఆ సర్వే నంబర్ ఇంకా వ్యవసాయ భూమిగానే కనిపిస్తుంటే అడ్వాన్స్ దగ్గరే ఆగిపోండి. అనుమతి ఇచ్చేటప్పుడు పనులు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లను తనఖా పెట్టుకుంటారు. మీరు కొనే ప్లాటు నంబర్ ఆ తనఖా జాబితాలో లేదని లేఔట్ కాపీలో వేలు పెట్టి చూసుకోండి. చాలామంది వదిలేసేది ఇదే.

ప్రాజెక్టు స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, 8 యూనిట్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రెరా నంబర్ రాకముందు ప్రకటన ఇవ్వడం, బుకింగ్ డబ్బు తీసుకోవడం చట్టవిరుద్ధం. ‘ప్రీలాంచ్ ఆఫర్’ అంటే అదే. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతం మించి అడ్వాన్స్ కూడా తీసుకోకూడదు. రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరు కొట్టి, అనుమతి ఎన్నాళ్లదాకా ఉందో, ఎంత పని పూర్తయిందని వాళ్లే రాశారో చదవండి.

ఫామ్ ప్లాట్ల పేరుతో గుంటల లెక్కన అమ్మేవాటికి దూరంగా ఉండటమే మంచిది. గుంటంటే 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు. రెండు గుంటలకు పాస్‌బుక్ వచ్చిందని సంబరపడి, తర్వాత ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాక తిరిగేవాళ్లను చూస్తే బాధేస్తుంది. రోడ్డు మీదేనని చూపించే దారి కూడా చాలాసార్లు ఇంకో రైతు పొలమే అయ్యుంటుంది.

రిజిస్ట్రేషన్, ఆ తర్వాత

స్టాంపు డ్యూటీ, మిగతా ఛార్జీలు అన్నీ కలిపి 7.5 శాతం. 200 గజాలు 15,000 చొప్పున 30 లక్షలనుకుంటే 2 లక్షల 25 వేలు. దస్తావేజులో తక్కువ రాయించి మిగతాది నగదు ఇమ్మంటే ఒప్పుకోవద్దు. స్థిరాస్తి లావాదేవీలో 20,000, అంతకుమించి నగదు తీసుకుంటే అంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు. పైగా రేపు మీరు అమ్మేటప్పుడు లాభం ఎక్కువ కనిపించి పన్ను మీ నెత్తిన పడుతుంది. ధర 50 లక్షలు, ఆపైన అయితే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్ మీరే కట్ చేసి కట్టాలి. అమ్మే ఆయన ఎన్ఆర్ఐ అయితే లెక్క వేరు, శాతం చాలా ఎక్కువ, ఆడిటర్‌ను అడగకుండా చెల్లించొద్దు. కట్టుబడిలో ఉన్న విల్లాకు జీఎస్టీ ఉంటుంది, పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చిన ఇంటికి ఉండదు.

గేటెడ్ కమ్యూనిటీ అయితే రిజిస్ట్రేషన్‌కు ముందే మెయింటెనెన్స్ లెక్కలు అడగండి. కార్పస్ ఫండ్ (కొన్నవాళ్లందరి దగ్గర ముందే తీసుకున్న నిర్వహణ నిధి) బిల్డర్ దగ్గరుందా, అసోసియేషన్ ఖాతాలోకి వచ్చిందా? సగం ఇళ్లకు తాళాలుంటే వాళ్లు నెలనెలా కడుతున్నారా? కట్టకపోతే సెక్యూరిటీ, వీధిలైట్లు, మురుగునీటి శుద్ధి (ఎస్టీపీ) ఖర్చు అక్కడున్న మీలాంటి కొద్దిమంది మీదే పడుతుంది. కాపురం ఉన్న ఇళ్లు లెక్కపెట్టమని మొదట్లో చెప్పడానికి ఇదీ ఒక కారణం.

రిజిస్ట్రేషన్ అయిన నెలలోపే మున్సిపాలిటీలోనో, పంచాయతీలోనో మ్యుటేషన్ (రికార్డుల్లో మీ పేరు మార్పు) చేయించుకోండి. కొత్తూరు, షాద్‌నగర్, జడ్చర్ల మున్సిపాలిటీలే కాబట్టి ఖాళీ ప్లాటుకు కూడా పన్ను వస్తుంది, ఏటా కట్టి రసీదులు దాచండి. సర్వేయర్‌తో కొలిపించి, పక్క ప్లాట్ల వాళ్లను పిలిచి వాళ్ల ముందే హద్దురాళ్లు పాతించండి. చుట్టూ కడీలు నాటి తీగ కట్టించి, మీ పేరు, ఫోన్ నంబర్, ప్లాట్ నంబర్ రాసిన బోర్డు పెట్టించండి. ఆరు నెలలకోసారి ఈసీ తీసి చూసుకోండి. దూరంగా ఉండేవాళ్లైతే ఊళ్లో ఒక మనిషితో మాట్లాడి, వానాకాలం అయ్యాక తుమ్మ చెట్లు కొట్టించే పని, ఫొటో తీసి పంపే పని అప్పజెప్పండి. దానికి డబ్బు సరిగ్గా ఇవ్వండి.